బహనాగలో మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళిన పెద్దాయనకు

2023 జూన్ 2 రాత్రి ఒడిశాలోని బహనాగ దగ్గర ప్రమాదానికి గురైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌లో ఉన్న అమ్మా నేనూ క్షేమంగా రాజమండ్రి చేరాం. అమ్మ చేతికి కట్టు కట్టారు, నాకు పైపై దెబ్బలే. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

బాలాసోర్ దాటాక, ఏడవుతుండగా పెద్ద కుదుపు, లైట్లు పోయాయి. మా బోగీ ఒరిగి ఆగింది. ముందు బోగీలు ఏమయ్యాయో మీరంతా టీవీల్లో చూశారు. అంబులెన్సుల కంటే ముందు సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది బహనాగ ఊరివాళ్ళే.

వాళ్ళలో ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, ఎమర్జెన్సీ కిటికీలోంచి అమ్మను దింపారు. కంకర, అద్దం పెంకుల మీద ఆవిడ ఉత్త కాళ్ళతో నడవలేకపోతుంటే తన చెప్పులు విప్పి, వంగి, అమ్మ కాళ్ళకు తొడిగారు. ఇంటికి తీసుకెళ్ళి మరమరాలు, నీళ్ళు ఇచ్చి మళ్ళీ పట్టాల దగ్గరికి వెళ్ళిపోయారు. రాత్రంతా అంతే. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చేవారు. పొద్దున హైవే మీద భువనేశ్వర్ బస్సెక్కించి అమ్మ చేతిలో మడత నోట్లు పెట్టారు. మా సామానంతా పోయిందని ఆయనకు తెలుసు. అమ్మ వద్దంటే ఒడియాలో గట్టిగా కోప్పడ్డారు. అప్పటిదాకా కన్నీటిచుక్క రాని నేను ఆ బస్సులో వెక్కి వెక్కి ఏడ్చాను. పేరడిగితే చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. అయ్యా, మీకు శతకోటి దండాలు.

భువనేశ్వర్ దాకా కారేసుకొచ్చిన అన్నయ్యకు, వదినకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. మెయిన్ లైన్లో పోవాల్సిన బండి లూప్ లైన్లోకి (స్టేషన్లో బండ్లు ఆపే పక్క పట్టాల మీదికి) వెళ్ళి ఆగి ఉన్న గూడ్సును ఎలా గుద్దింది? చనిపోయింది 288 మంది అన్నారు, మర్నాడు 275 అన్నారు, మళ్ళీ 288 అన్నారు. జనరల్ బోగీల్లో ఎక్కినవాళ్ళ పేర్లు ఏ చార్టులోనూ ఉండవు. వాళ్ళ మనుషులు ఫోటోలు పట్టుకుని ఆస్పత్రులన్నీ తిరుగుతున్నారు. రిజర్వేషన్ ఉన్న మా గురించే హెల్ప్‌లైన్లో అన్నయ్యకు ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. ఇన్ని ప్రాణాలు పోయాక కూడా ఇంతేనా?

అన్నట్టు, బాలాసోర్‌లో రక్తమివ్వడానికి రాత్రంతా లైన్లో నిలబడ్డ కుర్రాళ్ళకు కూడా దండాలు. తన ఫోన్ ఇచ్చి ఇంటికి మాట్లాడించిన బస్సు కండక్టర్‌కు కూడా. అయ్యో, ఆ కిటికీ తెరిచింది మా పై బెర్త్ ఏలూరు అబ్బాయి! బాబూ, ఇది నీ కంటపడితే ఇల్లు చేరానని ఒక్క మాట రాయి, అమ్మ రోజూ అడుగుతోంది.