తిరగబడిన గుండె బొమ్మ, ఏడు వారాలుగా జవాబు లేని నా ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ కోర్సు వీడియోలో తప్పుగా ఉన్న గుండె బొమ్మ గురించి మీకు ఇప్పటికి అయిదు ఈమెయిళ్లు పంపాను. ఒక్కదాన్ని కూడా మనిషి చదివిన గుర్తు కనపడలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

నేను తణుకు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. పదో తరగతి పిల్లలకి గుండె పటం అంటే టెన్షన్. చాలామంది పేకముక్క మీది ఆఠీను గుర్తు గీసి, దాన్ని నాలుగు గదులుగా విడగొట్టేస్తారు. అది పోగొట్టాలనే, కొత్తవాళ్లకి నిజమైన గుండెలా గీయడం నేర్పుతామన్న మీ కోర్సు నా జీతంలోంచి 1,899 రూపాయలు పెట్టి కొన్నాను. మీ వీడియోలో బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారై ఉంది. పేర్లు మాత్రం తర్వాత అతికించారు. దాంతో ఎడమ జఠరిక (గుండె కింది గది) మీద కుడి జఠరిక అని పడింది. లోపం ఇంతే. సరిచేస్తే ఒక్కరోజులో అయిపోయే పని.

జూన్ 20న మీ చాట్‌లో రాశాను. యాప్ తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేసుకున్నాను. బొమ్మ అలాగే ఉందని రాసేలోపే 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చి చాట్ మూసుకుపోయింది. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు?

తర్వాత ఫోన్ చేశాను. 38 నిమిషాలు పాట విన్నాక ఒక అబ్బాయి ఎత్తాడు. 'బొమ్మ కనపడుతోందా మేడమ్? సౌండ్ వస్తోందా? అయితే వీడియో బాగానే ఉంది కదా' అన్నాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టను, అతనికి ఎవరూ చెప్పి ఉండరు. అందుకే ఓపిగ్గా చెప్పాను. పిడికిలంత గుండె, నిటారుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది, మొన మనిషి ఎడమవైపుకి దిగుతుంది. ఎదుట నిలబడి చూసేవాళ్లకి అది కాగితం మీద కుడివైపు కింద పడాలి. మీ వీడియోలో ఎడమవైపు పడింది. అంతా విని టెక్నికల్ వాళ్లకి కలిపాడు. వాళ్లు కంటెంట్ వాళ్లని అడగమన్నారు. కంటెంట్ వాళ్లు రీఫండ్ విభాగానికి పంపారు. రీఫండ్ గడువు 7 రోజులేనని, అది దాటిందని అక్కడ చెప్పారు. ఆ 7 రోజులూ మీ జవాబు కోసం చూసే కదండీ దాటిపోయింది?

ఇంకోసారి ఒక అమ్మాయి, 'వెనకవైపు నుంచి చూసిన గుండె అయి ఉండొచ్చు మేడమ్' అంది. వెనక నుంచి గీస్తే ఎడమ కర్ణిక, అంటే పై గది, దానిలోకి ఊపిరితిత్తుల నుంచి వచ్చే పుపుస సిరలు కనపడాలమ్మా, మీ బొమ్మలో ఊపిరితిత్తులకి వెళ్లే పుపుస ధమని, ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే బృహద్ధమనికి ముందు నుంచి పోతోంది, కాబట్టి అది ముందువైపే అని చెప్పాను. నోట్ చేసుకున్నానంది. మర్నాడు ఫోన్ చేస్తే నా పేరు మీద ఒక్క నోటూ లేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. సూపర్‌వైజర్ 48 గంటల్లో ఫోన్ చేస్తామన్నారు. ఫోన్ రాలేదు. మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారని మెసేజ్ వచ్చింది. అది చూసి నిజంగా ఏడుపొచ్చింది.

ఈ తప్పు మొదట కనిపెట్టింది నేను కాదు, మా క్లాసు పిల్ల. ల్యాబ్‌లో చూపించడానికి మటన్ కొట్టు నుంచి మేక గుండె తెప్పించాను. ముందువైపు ఏటవాలుగా దిగే గాడి, దాని పొడవునా తెల్లటి కొవ్వు, ఆ కొవ్వులో గుండె కండకే రక్తం ఇచ్చే కరోనరీ ధమని. ఆ గాడికి ఒక పక్క నొక్కితే మెత్తగా ఉంటుంది, రెండో పక్క గట్టిగా తగులుతుంది. ఒళ్లంతటికీ రక్తం తోయాలి కాబట్టి ఎడమ జఠరిక గోడ అంత మందం. పిల్లలు వేళ్లతో నొక్కి చూస్తుంటే ఆ అమ్మాయి, 'టీచర్, గట్టిగా ఉన్నవైపు వీడియోలో కుడి అని రాశారు. ఏది తప్పు?' అని అడిగింది. అప్పటికే 32 మంది రికార్డుల్లో మీ బొమ్మ చూసి గీసేశారు. వాళ్లందరి చేతా చెరిపించి మళ్లీ గీయించాను. పదో తరగతి పిల్ల మేక గుండె పట్టుకుని చూసి చెప్పగలిగింది మీ కంపెనీ మొత్తంలో ఒక్కరు వీడియో తెరిచి చూడలేకపోయారా?

2021 నుంచి మీ దగ్గర నాలుగు కోర్సులు కొన్నాను. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో తోటి టీచర్లకి నేనే చెప్పి కొనిపించాను. ఇప్పుడు వాళ్ల ముఖం చూడటానికి నాకు సిగ్గుగా ఉంది.

డబ్బు వెనక్కి ఇస్తారా లేదా అన్నది తర్వాత సంగతి. ముందు ఆ వీడియో సరిచేయండి, కొన్నవాళ్లందరికీ తప్పు జరిగిందని మెసేజ్ పంపండి. చదివి జవాబిచ్చే మనిషి ఒకరి పేరు నాకు చెప్పండి. 15 రోజులు చూస్తాను. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, అప్పుడు నాలుగు కోర్సుల డబ్బూ అడుగుతాను. వచ్చే కాంప్లెక్స్ మీటింగులో మీ బొమ్మ, మా పిల్లల బొమ్మ పక్కపక్కన పెట్టి అందరికీ చూపిస్తాను.

నా నంబరు మీ దగ్గర ఉంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత చేయండి, అంతకుముందు క్లాసులో ఉంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
ఒక బయాలజీ టీచర్