ఆసియాన్ ఆందోళన ఇంకెన్నాళ్లు?

సంపాదకులకు,

పోయిన వారం మీ విదేశీ వార్తల పేజీలో ఓ మూలన నాలుగు లైన్లు వేశారు. మయన్మార్ పరిస్థితిపై ఆసియాన్, అంటే మయన్మార్ కూడా సభ్యదేశంగా ఉన్న ఆగ్నేయాసియా దేశాల కూటమి, "తీవ్ర ఆందోళన" వ్యక్తం చేసిందట. చదివి వదిలేద్దామనుకున్నా మనసు ఊరుకోలేదు. 2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచీ ఈ కూటమి ఆందోళన పడుతూనే ఉంది. ఇంత ఆందోళన పడ్డా అక్కడెవరికీ బీపీ రాకపోవడమే వింత.

ఆ ఏడాది ఏప్రిల్ 24న జకార్తాలో అప్పటి మయన్మార్ సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లయింగ్‌ను కూర్చోబెట్టుకుని ఐదు అంశాలపై ఒప్పందం అన్నారు. మొదటిదే హింసను తక్షణం ఆపాలని. ఆయన తిరిగి వెళ్లిన కొద్ది రోజులకే, దేశం కుదుటపడ్డాక మీ సూచనలు పరిశీలిస్తామని సైనిక ప్రభుత్వం తేల్చేసింది. మాట తప్పినందుకు వేసిన శిక్ష ఏమిటయ్యా అంటే, శిఖరాగ్ర సమావేశాలకు ఆయన్ను పిలవకపోవడం! పెళ్లికి పిలవకుండా పగ తీర్చుకున్నట్టుంది. 2022 జులైలో నలుగురు ప్రజాస్వామ్య ఉద్యమకారులను ఉరి తీశారు. వద్దని ముందే ఉత్తరం రాసింది అప్పటి ఆసియాన్ అధ్యక్షుడు, కంబోడియా ప్రధాని హున్ సేన్. ప్రతిపక్షాన్ని అణచడంలో తానేమీ తక్కువ తినని హున్ సేన్ బతిమాలినా పని జరగలేదు.

2023 ఏప్రిల్ 11న సగాయింగ్ ప్రాంతంలోని పాజిగీ గ్రామంలో ఒక చిన్న ఆఫీసు ప్రారంభానికి జనం గుమిగూడారు. పిల్లాపాపలతో వచ్చారు. సైన్యం జెట్ విమానం వచ్చి బాంబు వేసింది. బతికినవాళ్లు తేరుకునేలోపు హెలికాప్టర్ వచ్చి కాల్పులు జరిపింది. 150 మందికి పైగా పోయారు. 2025 మార్చి 28 భూకంపం తర్వాత కాల్పుల విరమణ ప్రకటించిన సైన్యమే మే 12న అదే సగాయింగ్‌లో ఒక బడి మీద బాంబులు వేసింది. పిల్లలు, టీచర్లు చనిపోయారు. రెండు వారాలకు కౌలాలంపూర్‌లో కూర్చున్న ఆసియాన్ నేతలు ఏం కోరారో తెలుసా? కాల్పుల విరమణను పొడిగించమని! ఏ విరమణను?

అడిగితే "అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోం" అంటారు. ఆయుధాల సొమ్ము తమ బ్యాంకుల గుండా పోవడం మాత్రం జోక్యం కాదా? మయన్మార్ మానవ హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకుడు టామ్ ఆండ్రూస్ 2023లో ఓ నివేదికలో ఆ లెక్కలు బయటపెట్టాక సింగపూర్ నుంచి మయన్మార్ సైన్యానికి చేరే ఆయుధ సరుకు 11 కోట్ల డాలర్ల స్థాయి నుంచి కోటి డాలర్ల దరిదాపులకు పడిపోయింది. అంటే తలుచుకుంటే అవుతుంది. ఈ లోగా థాయ్‌లాండ్ వైపు నుంచి సరఫరా పెరిగిందనుకోండి, అది వేరే కథ. ఆ నివేదికలో సరఫరాదారుల్లో మన దేశం పేరూ ఉంది. దాని మీద మీ పత్రికలో సంపాదకీయం ఎప్పుడైనా చూశానా అని గుర్తు చేసుకుంటున్నాను. బడిపై బాంబు పడితే నాలుగు లైన్లు, హీరో కొత్త కారు కొంటే పావు పేజీ. ఒకప్పుడు విదేశీ వార్తలంటే చదువుకోడానికి ఏదో ఒకటి ఉండేది.

ఆసియాన్ సైన్యం పంపాలని నేననడం లేదు. ఆఫ్రికన్ యూనియన్ మాత్రం జాతి హననం, యుద్ధ నేరాలు జరిగితే సభ్య దేశంలో జోక్యం చేసుకునే హక్కును తన వ్యవస్థాపక చట్టంలోనే రాసుకుంది. అక్కడా అమలు అంతంత మాత్రమే, కానీ కాగితం మీదైనా ఉంది. ఇక్కడ ఆసియాన్ 2009లో పెట్టిన మానవ హక్కుల కమిషన్‌కు బాధితుడి ఫిర్యాదు తీసుకుని విచారించే అధికారం కూడా లేదు. ఏకాభిప్రాయం కుదరడం లేదన్నది ఇంకో సాకు. కుదరకపోతే ఎలా నిర్ణయించాలో శిఖరాగ్ర సమావేశమే తేల్చవచ్చని ఆసియాన్ చార్టర్ 20వ అధికరణమే చెబుతోంది. రాసుకున్నవాళ్లు ఒకసారి చదువుకోవాలి కదా!

ఆసియాన్ దేశాలు తమ బ్యాంకుల్లో ఉన్న మయన్మార్ సైన్యం ఖాతాలు స్తంభింపజేయాలి. విమాన ఇంధనం అమ్మకం ఆపాలి. సాయం సైన్యం చేతికివ్వకుండా సరిహద్దు గుండా స్థానిక సంస్థలకే అందించాలి. ఈ మూడింటికీ మిన్ ఆంగ్ హ్లయింగ్ సంతకం అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు