కార్యదర్శి వార్షిక నివేదిక: 2024–25 సీజన్

సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. నియమావళి ప్రకారం వారం ముందే నివేదిక మీకు అందాలి కాబట్టి పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. స్కాట్లండ్ వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం ఇక్కడ మనం ఉండే ఊరి చిన్న ఫుట్‌బాల్ క్లబ్‌ని, అభిమానుల సంఘం పెట్టుకుని మరీ, ఎందుకు పట్టుకుని ఉన్నామో మీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. క్లబ్ ఈసారి పట్టికలో ఎక్కడ ఆగిందో కూడా రాయను, అది అందరం చూశాం. మనం చేసినవి, చేయలేకపోయినవి మాత్రం రాస్తాను.

ముందు కృతజ్ఞతలు. సీజన్ మొత్తం ఒక్క హోమ్ మ్యాచ్ కూడా వదలకుండా గేటు దగ్గర నిలబడిన మన బాబాయ్ గారికి (మోకాలి నొప్పితో కూడా వచ్చారు), నెలనెలా చందా గుర్తుచేసి మాటలు పడ్డ కోశాధికారి గారికి, మ్యాచ్‌రోజు అమ్మే ప్రోగ్రామ్ పుస్తకంలో మన పేజీకి ఫోటోలు తీసిన తమ్ముడికి, వేన్ ఇచ్చిన కిరాణా షాపు అన్నకి, టికెట్ బూత్‌లో కూర్చుని చిల్లర లెక్కపెట్టిన ఇద్దరు చెల్లెళ్ళకి, మన పిల్లలకి శనివారం పొద్దున ఉచితంగా ఆట నేర్పిన క్లబ్ కోచ్‌లకి, పులిహోర వదినకి (ఆవిడ గురించి కింద రాస్తాను), ఇంకా మర్చిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి కూడా సంఘం తరఫున దండాలు. మర్చిపోయానని అలగొద్దు, ఫోన్ చేయండి, సమావేశంలో పేరు చదువుతాను.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది సంక్రాంతి మ్యాచ్. పండగ తర్వాత వచ్చిన హోమ్ మ్యాచ్‌కి బంతి స్పాన్సర్‌షిప్ (ఆ మ్యాచ్ బంతి పేరున క్లబ్‌కి డబ్బు కట్టడం) మనం తీసుకున్నాం, మన వంటలు పెడతామని క్లబ్‌ని ఒప్పించాం, పోస్టర్లు వేశాం. అంతా అయ్యాక శుక్రవారం రాత్రి మంచు గడ్డకట్టింది. మనది గడ్డి గ్రౌండ్. నేల రాయిలా బిగిస్తే మ్యాచ్ రద్దు. రద్దయితే గేటు డబ్బు లేదు, క్యాంటీన్‌లో పైలు (మాంసం కూరి కాల్చినవి) మిగిలిపోతాయి, మళ్ళీ ఏ మంగళవారం రాత్రో పెడితే సగం జనం కూడా రారు. పెద్ద క్లబ్బులకి మైదానం కిందే వేడి పైపులు ఉంటాయి. మనకి ఉన్నవి కప్పే పట్టాలు, వాటిని లాగే చేతులు, అంతే.

పొద్దున ఏడింటికి ఐదుగురం వెళ్ళాం. కళ్ళంలో ధాన్యం మీద పట్టాలు కప్పినట్టు మైదానం నిండా పరిచిన ఆ షీట్లు తడిసి, గడ్డకట్టి, పట్టుకుంటే అప్పడంలా పెళపెళమన్నాయి. మడత పెట్టబోతే మడత పడవు, గ్లవ్స్ తడిసి వేళ్ళు కొంకర్లు పోయాయి. గ్రౌండ్స్‌మన్ పెద్దాయన ఒక్క మాట మాట్లాడకుండా స్టాండ్ నీడ పడే మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలితో నేల నొక్కి చూస్తున్నాడు. ఆ మూలకి చలికాలంలో ఎండ తగలదు. రెఫరీ వచ్చి బూటు మడమతో గుచ్చి, బంతి వేసి చూసి, ఇప్పుడే చెప్పను, పదకొండింటికి మళ్ళీ చూస్తానన్నాడు. ఆ సమయంలో మన వదిన ఇంట్లో పన్నెండు కిలోల బియ్యం వార్చి, పోపు పెట్టి, "కలపమంటారా వద్దా" అని ఫోన్ మీద ఫోన్. ఆ టెన్షన్ ఎలాంటిదో అక్కడున్న ఐదుగురికే తెలుసు. పదకొండుంబావుకి రెఫరీ తల ఊపాడు. నేను వదినకి ఒక్కటే మాట చెప్పాను: కలిపేయండి.

టర్న్‌స్టైల్ ముందు సిమెంటు మీద మన ఆడపిల్లలు సుద్దతో వేసిన ముగ్గు తొక్కకుండా స్కాట్లండ్ పెద్దవాళ్ళు పక్కనుంచి నడిచారు. క్యాంటీన్ నడిపే ఆవిడకి తన పైలు అమ్ముడుపోవేమోనని దిగులుంటే, పై ఒకటి, పులిహోర ఒక గరిట కలిపి ఒకే ప్లేటు అని పెట్టాం, హాఫ్‌టైమ్ విజిల్‌కి ముందే రెండూ అయిపోయాయి. చిన్నప్పటినుంచీ అదే గట్టు మీద అదే చోట నిలబడే ఒక తాత మిరపకాయ బజ్జీ తిని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ లైన్‌లో నిలబడ్డాడు. వచ్చిన డబ్బు పైసాతో సహా క్లబ్‌కి ఇచ్చేశాం. మ్యాచ్ అయ్యాక క్లబ్ సెక్రటరీ గారు వచ్చి, ఆ రోజు గేటు డబ్బుతో ఫ్లడ్‌లైట్ల కరెంటు బిల్లు గండం గట్టెక్కిందని చెప్పారు. నాకు చాలా సంతోషం వేసింది.

ఇంత చిన్న మొత్తాల గురించి ఎందుకింత రాస్తున్నానంటే, ఈ సీజన్‌లో మన చుట్టూ ఏం జరిగిందో చూడండి. 2015లో స్కాటిష్ కప్ గెలిచిన ఇన్వర్నెస్ కాలెడోనియన్ థిసిల్ 2024 అక్టోబర్‌లో దివాలా పాలనలోకి (అప్పులు తీర్చలేక బయటి అధికారుల చేతికి) వెళ్ళింది, 15 పాయింట్లు కోత పడ్డాయి, కష్టం మీద లీగ్ వన్‌లో (పై నుంచి మూడో అంచె) నిలిచింది. నెల తిరక్కుండా డంబార్టన్. 1890లో స్కాటిష్ లీగ్ మొదలుపెట్టిన క్లబ్బుల్లో ఒకటి, మొదటి టైటిల్ రేంజర్స్‌తో పంచుకుని, రెండోది ఒంటరిగా గెలిచిన క్లబ్. భూమి అమ్మకం తాలూకు రావాల్సిన డబ్బు రాక అదీ అదే దారి పట్టింది. దానికీ 15 పాయింట్లు పోయాయి, అట్టడుగు అంచె లీగ్ టూలోకి దిగిపోయింది. బానిరిగ్ రోజ్‌కైతే మైదానం వాలుగా ఉందని ఆరు పాయింట్లు తీసేశారు. మైదానం చదును చేయాలంటే ఎంత డబ్బవుతుందో తెలిసినవాళ్ళకి ఆ బాధ అర్థమవుతుంది. సీజన్ చివర ప్లే ఆఫ్‌లో ఈస్ట్ కిల్‌బ్రైడ్ చేతిలో ఓడి ఆ క్లబ్ లీగ్ నుంచే వెళ్ళిపోయింది.

ఈ ప్లే ఆఫ్ 2014–15లో మొదలైంది. అంతకుముందు అట్టడుగున నిలిచినా లీగ్‌లోనే ఉండేవాళ్ళు, ఇప్పుడు ఇంకా కిందనున్న హైలాండ్, లోలాండ్ లీగ్‌ల నుంచి గెలిచి వచ్చిన జట్టుతో తలపడాలి. 2016లో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్, 2019లో బెరిక్ (1967లో రేంజర్స్‌ని కప్‌లో 1–0తో ఓడించిన బెరిక్), 2021లో బ్రీకిన్, 2022లో కౌడెన్‌బీత్, 2023లో ఆల్బియన్ రోవర్స్ ఒక్కొక్కటే కిందికి జారాయి, వీటిలో ఏ ఒక్కటీ 2025 వేసవి వరకూ తిరిగి పైకి రాలేదు. కింద నుంచి వచ్చేవాళ్ళకి తలుపు తెరవడం న్యాయమే, నేను కాదనను. కానీ జారిన క్లబ్‌కి లీగ్ నుంచి వచ్చే వాటా పోతుంది, స్పాన్సర్లు మొహం చాటేస్తారు, అప్పుడు మిగిలేది గేటు దగ్గరికి వచ్చే జనమే.

సెప్టెంబర్‌లో గ్లాస్గో వెళ్ళి క్యాత్‌కిన్ పార్క్ చూశాం. వచ్చింది పదకొండు మందిమే. థర్డ్ లానార్క్ అనే క్లబ్ ఆడిన చోటు అది. 1904లో లీగ్ ఛాంపియన్లు, 1960–61లో వంద గోల్స్ కొట్టి పై లీగ్‌లో మూడో స్థానం, 1967లో మూత. నడిపినవాళ్ళ నిర్వాకమే ముంచింది. చివరి మ్యాచ్ ఇదే డంబార్టన్‌లో, 5–1తో ఓడారు. జనం నిలబడే మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, నాచు పట్టి, మధ్యలోంచి చెట్లు మొలిచి, ఆనుకునే ఇనుప రాడ్లు అలాగే నిలబడి ఉన్నాయి. మా అబ్బాయి ఒక రాడ్‌ని పట్టుకుని ఊగుతూ "నాన్నా, వీళ్ళంతా ఎక్కడికి వెళ్ళిపోయారు?" అన్నాడు. నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు రోవర్స్ కప్పులు (బొంబాయిలో జరిగిన పేరున్న ఫుట్‌బాల్ పోటీ) గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ గురించి, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చిన భారత జట్టు కోచ్ రహీం సాబ్ గురించి ఆయన చెబుతుంటే మేం వినేవాళ్ళం. మేం పెద్దయ్యేసరికి అవన్నీ తాతల ముచ్చట్లయిపోయాయి. అలా పోవడం ఒకసారి చూశాం, ఇక్కడ కూడా చూడలేను.

కమిటీలో ఒక చర్చ వచ్చింది, దాచకుండా రాస్తున్నాను. ఈ చిల్లర పనులు మానేసి, డబ్బున్న పెద్దమనిషి ఎవరినైనా క్లబ్‌లోకి తెద్దాం అని ఒకరిద్దరు గట్టిగానే అన్నారు. వాళ్ళ ప్రేమని నేను శంకించను. కానీ గ్రెట్నా సంగతి చూడండి. మూడు వేల జనం కూడా లేని సరిహద్దు ఊరు. 2002లో లీగ్‌లోకి వచ్చింది, బ్రూక్స్ మైల్సన్ అనే ఆయన సొంత డబ్బు కుమ్మరించారు, వరసగా మూడేళ్ళు మూడు ప్రమోషన్లు, 2006లో స్కాటిష్ కప్ ఫైనల్‌లో హార్ట్స్‌తో 1–1 దాకా ఆడి పెనాల్టీల్లో ఓడారు. 2007లో స్కాట్లండ్ పై అంచె ప్రీమియర్ లీగ్‌కి చేరితే సొంత మైదానం అక్కడి నిబంధనలకి సరిపోక మదర్‌వెల్‌లో ఆడాల్సి వచ్చింది, ఒక మ్యాచ్‌కి 431 మంది వచ్చారు. ఆయన జబ్బు పడ్డారు, డబ్బు ఆగింది, 2008 మార్చిలో దివాలా, వేసవికల్లా క్లబ్ లేదు. ఆ నవంబర్‌లో ఆయనా పోయారు. ఆయన మంచి మనిషే, ఆటని ప్రేమించారు. కానీ ఇల్లంతా ఒకే స్తంభం మీద నిలబెట్టారు. ఆ తర్వాత అభిమానులు గ్రెట్నా 2008 అని కొత్త క్లబ్ పెట్టుకుని, పాత సొంత మైదానం రేడేల్ పార్క్‌లోనే ఇప్పటికీ ఆడుతున్నారు.

ఇంకోపక్క స్టెన్‌హౌస్‌మ్యూర్ ఉంది. సమాజ ప్రయోజన కంపెనీగా మారి, ఎవరి దయ మీదా ఆధారపడకుండా మెల్లగా నడుచుకుంటూ వచ్చిన క్లబ్. 1884లో పుట్టి, 2024లో లీగ్ టూ గెలిచింది, అదే వాళ్ళ మొదటి లీగ్ టైటిల్. స్టర్లింగ్ ఆల్బియన్‌ని 2010లో అభిమానులే కొనుక్కున్నారు. అభిమానుల చేతిలో ఉంటే చాలు అన్నీ బాగుంటాయని కూడా నేననను. క్లైడ్‌దీ అభిమానులదే, కానీ 1986లో షాఫీల్డ్ మైదానం వదిలినప్పటి నుంచీ అద్దె ఇళ్ళే. సొంత చోటు ఉండాలి, వారమంతా ఆ చోటు ఉపయోగపడాలి. గడ్డి మైదానం ఏడాదిలో ఓ పాతిక మ్యాచ్‌లకి పనికొస్తుంది, మిగతా రోజులు ఖాళీ. కృత్రిమ మైదానమైతే సాయంత్రాలు పిల్లల జట్లకి గంటల లెక్కన అద్దెకి ఇవ్వొచ్చు. ప్రీమియర్‌షిప్‌లో (ఇప్పటి పై లీగ్) 2026–27 నుంచి కృత్రిమ మైదానాలు వద్దని పై క్లబ్బులు తీర్మానించుకున్నాయి, అది వాళ్ళ సంగతి, కింది లీగ్‌లలో వాటి మీదే బతుకుతున్న క్లబ్బులు ఉన్నాయి. మన క్లబ్ ఈ విషయం ఆలోచిస్తోంది, అడిగితే మనం కూడా ఒక మాట చెప్పాలి.

జమాఖర్చులు: పట్టిక విడిగా పంపాం. ఖర్చు కంటే జమ కొద్దిగా ఎక్కువే ఉంది, ఆడిటింగ్ అయింది, సంక్రాంతి బ్యానర్ బిల్లు ఒకటి పొరపాటున రెండుసార్లు నమోదైతే సరిదిద్దాం. ప్రశ్నలుంటే కోశాధికారి గారిని అడగండి.

ఇప్పుడు మనసులో మాట. సంక్రాంతి మ్యాచ్‌కి వాలంటీర్లు కావాలని వాట్సాప్ గ్రూప్‌లో పెడితే నలభై రెండు మంది బొటనవేలు గుర్తు పెట్టారు. పొద్దున ఏడింటికి ఐదుగురం. మధ్యాహ్నం మ్యాచ్‌కి చాలామంది వచ్చారు, ఫోటోలు దిగారు, అది కూడా సంతోషమే. కానీ సాయంత్రం గిన్నెలు కడిగింది, చెత్త ఏరింది మళ్ళీ ఆ ఐదుగురే, ఇంకో ఇద్దరు. రాలేకపోతే రాలేనని చెప్పండి, తప్పేం లేదు, వేరేవాళ్ళని చూసుకుంటాం. వస్తానని రాకపోవడం వల్ల నష్టం. ఇక ఆహారం అమ్మడానికి అనుమతి ఇవ్వాల్సిన కార్యాలయం సంగతి. నవంబర్‌లో దరఖాస్తు పెడితే మూడుసార్లు అవే కాగితాలు అడిగారు, ఫోన్ చేస్తే ఈమెయిల్ చేయమంటారు, ఈమెయిల్ చేస్తే జవాబు లేదు, చివరికి అనుమతి మ్యాచ్‌కి రెండు రోజుల ముందు వచ్చింది. వచ్చే ఏడాది సెప్టెంబర్‌లోనే పెడతాను.

సమావేశంలో ఓటుకి రెండు విషయాలు. ఒకటి, ఏడాదికోసారి బంతి స్పాన్సర్‌షిప్‌కి హడావిడిగా చందా పోగుచేసే బదులు, నెలకి ఐదు పౌండ్లు ప్రతి కుటుంబం నుంచి బ్యాంకు ద్వారా నేరుగా క్లబ్‌కి వెళ్ళేలా పెట్టడం. ఆటగాళ్ళు పగలు ఉద్యోగాలు చేసుకుని మంగళ, గురువారాల రాత్రి ప్రాక్టీస్‌కి వచ్చేవాళ్ళు. వాళ్ళకి ఇవ్వాల్సింది నెలనెలా ఇవ్వాలి కదా, క్లబ్‌కి వచ్చేది కూడా నెలనెలా వస్తే మేలు. రెండు, హోమ్ మ్యాచ్‌లన్నిటికీ ఇప్పుడే డ్యూటీ పట్టిక వేసుకోవడం. గేటుకి ఇద్దరు, క్యాంటీన్‌కి ఇద్దరు, చలికాలంలో పట్టాలకి ఆరుగురు.

బాబాయ్ గారు మోకాలి ఆపరేషన్‌కి వెళ్తున్నారు, అందుకని ఆగస్టు మొదటి హోమ్ మ్యాచ్‌కి గేటు దగ్గర ఒక చోటు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్‌కి ఒంటిగంటన్నరకల్లా రావాలి, కుర్చీ ఉంటుంది, టీ నేను తెస్తాను. పేరు ఇచ్చేవాళ్ళు గ్రూప్‌లో గుర్తు పెట్టకుండా నాకు ఫోన్ చేయండి.

మీ
కార్యదర్శి