డిష్‌ది కాదు, మీ కార్డుదే తప్పు: శాటిలైట్ టీవీ ట్యూనర్ కార్డుపై ఫిర్యాదు

సత్యనారాయణపురం,
విజయవాడ.

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీ వెబ్‌సైట్‌లో కొన్న శాటిలైట్ టీవీ ట్యూనర్ కార్డు – పవర్ కేబుల్ ఇవ్వకపోవడం, కార్డులో లేని గుణాలు పెట్టె మీద రాయడం, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. మా అమ్మకు డీడీ సప్తగిరిలో వచ్చే సంగీత కచేరీలంటే ప్రాణం. అవి వచ్చే వేళకు ఆవిడ నిద్రపోతుంది. రికార్డు చేసి పొద్దున కాఫీ తాగేటప్పుడు వినిపిద్దామని, డిష్ సిగ్నల్‌ను కంప్యూటర్లో చూపించి రికార్డు చేసే మీ కార్డు 3,850 రూపాయలు పెట్టి కొన్నాను. మా డాబా మీద డీడీ ఫ్రీ డిష్ గొడుగు ముందునుంచే ఉంది, ఇంట్లో కంప్యూటరూ ఉంది. మధ్యలో కార్డు ఒక్కటే తక్కువ అనుకున్నాను. కొన్నాక నలభై రోజులకు గానీ మొదటి బొమ్మ చూడలేదు. అది కూడా మీ సాయంతో కాదు.

కార్డును కంప్యూటర్ లోపలి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో కూర్చోబెట్టడం పది నిమిషాల పని. మీరిచ్చిన మినీ సీడీ పెట్టడానికి నా కంప్యూటర్‌లో డ్రైవే లేదు (ఈ రోజుల్లో ఎవరింట్లో ఉంది?). కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్‌ను, మీ సైట్ నుంచి దించుకున్నాను. దానికి డిజిటల్ సంతకం లేదని విండోస్ ఒప్పుకోలేదు. 64 బిట్ విండోస్ ఈ పట్టింపు విస్టా కాలం నుంచీ పెడుతూనే ఉంది, మీకు తెలియనిదేం కాదు. సంతకం తనిఖీనే ఆపేయమని మీ సపోర్టు వాళ్లు చెప్పారు. దొంగల భయం లేదు, గడియ తీసి పడుకోండి అన్నట్టుంది. సరే, బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటరే అయినా, మీ మాట మీద ఆ పనీ చేశాను.

ఇక అసలు కథ. చానళ్లు వెతకడానికి ఫ్రీ డిష్ ఫ్రీక్వెన్సీ 11090 మెగాహెర్ట్జ్, వర్టికల్ (నిలువు తరంగం), సింబల్ రేట్ 29500 అని అన్నీ సరిగానే ఇచ్చాను. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే భాగం) లోకల్ ఫ్రీక్వెన్సీ 9750 పెట్టాను. తేడా 1340 వస్తుంది, అది కార్డు పట్టుకోగల 950–2150 హద్దులోనే ఉంది. సిగ్నల్ సున్నా. క్వాలిటీ సున్నా. మీకు ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, 'సార్, మీ డిష్ అలైన్‌మెంట్ పోయింది, టెక్నీషియన్‌ను పిలిపించుకోండి' అన్నాడు.

పిలిపించాను. రోహిణి కార్తె ఎండలో, మూడో అంతస్తు డాబా మీద, చెయ్యి పెడితే కాలే ఇనుప స్టాండు దగ్గర ఆ డిష్ కుర్రాడు గంటసేపు నిలబడ్డాడు. విజయవాడ నుంచి చూస్తే 93.5 డిగ్రీల తూర్పున ఉన్న ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15 ఆగ్నేయం వైపు, ఉత్తరం నుంచి లెక్కేస్తే దాదాపు 141 డిగ్రీల దిక్కున, 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మా డిష్ అటే చూస్తోంది. (మా మేడ మీద ఆగ్నేయంలో ఉన్నది అదొక్కటే, వాస్తు చూసి పెట్టింది మాత్రం కాదు.) కుర్రాడు తన మీటరు పెట్టి చూసి, 'బాబాయ్ గారూ, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది' అని 400 రూపాయలు తీసుకుని వెళ్లాడు.

ఆ మాటే మీకు చెప్పాను. మళ్లీ అదే జవాబు: డిష్. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిస్తే ఆ కుర్రాడికే జాలేసి కేబుల్ మొత్తం ఆర్‌జీ-6 కొత్తది వేసి, చివర్లకు కొత్త ఎఫ్ కనెక్టర్లు బిగించాడు. అదే కేబుల్‌ను విప్పి మా పాత సెట్‌టాప్ బాక్స్‌కు పెడితే బొమ్మ గాజులా వస్తోంది, మీ కార్డుకు పెడితే ఏమీ లేదు. ఈ సంగతి మీకు ఈమెయిల్‌లో రాశాను, ఫొటోలు కూడా పంపాను. 'వాతావరణం వల్ల కావచ్చు' అని జవాబు. ఆకాశంలో మబ్బు తునక లేని రోజది! ఆడలేక మద్దెల ఓడు అంటారు. మీ మద్దెల నా డాబా మీద ఉంది.

అప్పుడు నా పాత మల్టీమీటర్ తీశాను. లైన్ డెడ్ అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే మేం ముందు చూసేది వోల్టేజీయే, మిగతావన్నీ తర్వాత. డిష్ మీది ఎల్‌ఎన్‌బీకి సొంత కరెంటు ఉండదు, రిసీవరే ఆ కేబుల్ గుండా పంపాలి. వర్టికల్‌కు 13 వోల్టులు, హారిజాంటల్‌కు 18. సెట్‌టాప్ బాక్స్ వెనక సాకెట్లో కొలిస్తే ముల్లు 13 దగ్గర నిలిచింది. మీ కార్డు వెనక సాకెట్లో కొలిస్తే కదలనే లేదు. అంటే ఎల్‌ఎన్‌బీ ఇన్నాళ్లూ నిద్రలో ఉంది. దాన్ని లేపాల్సిన కార్డు కరెంటే పంపడం లేదు. మేమేమో పైన డిష్‌ను అటూ ఇటూ తిప్పుతున్నాం.

కార్డును బయటికి తీసి భూతద్దంతో చూశాను. అంచున నాలుగు పిన్నుల చిన్న తెల్ల సాకెట్ ఒకటి ఉంది, పాత ఫ్లాపీ డ్రైవ్‌లకు పెట్టే రకం. ఎల్‌ఎన్‌బీకి పోయే వోల్టేజీకి 12 వోల్టులు అందులోంచే రావాలి. మీ పెట్టెలో ఆ కేబుల్ లేదు. మీ పుస్తకంలో ఆ సాకెట్ ఊసే లేదు. పైగా పుస్తకంలోని బొమ్మ వేరే మోడల్‌ది, దానికి ఈ సాకెట్టే లేదు! మీ సపోర్టు అబ్బాయి ముందు కూడా ఆ పుస్తకమే ఉండి ఉంటుంది, అతన్ని ఏమనను.

చాలా కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో (కంప్యూటర్ లోపలి పవర్ సప్లైలలో) ఫ్లాపీ కనెక్టర్ రాదు. గవర్నర్‌పేటలో నాలుగు షాపులు తిరిగాను. 'ఫ్లాపీకా? మ్యూజియంలో అడగండి మాస్టారూ' అని ఒకతను నవ్వాడు. చివరికి రిపేరు షాపులో ఒకతను అడుగు డ్రాయరు వెతికి, దుమ్ము దులిపి, 60 రూపాయలకు ఇచ్చాడు. ఇంటికొచ్చి బిగించి ఆన్ చేశాను. మీటర్లో 13 వోల్టులు. స్కాన్ నొక్కగానే చానళ్లు వరసకట్టాయి. ఆ రాత్రి కచేరీ రికార్డయింది. పొద్దున మా అమ్మ వింటూ, ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదురా అంది. 60 రూపాయల తీగ కథ ఆవిడకు ఎలా చెప్పను?

ఇక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాను. సెట్‌టాప్ బాక్స్‌లో వచ్చే కొన్ని చానళ్లు కార్డులో రావడం లేదు. చూస్తే అవన్నీ ఎంపెగ్-4లో, డీవీబీ-ఎస్2 అనే (పాత డీవీబీ-ఎస్ తర్వాత వచ్చిన) ప్రసార పద్ధతిలో వచ్చేవి. మీ పెట్టె మీద 'డీవీబీ-ఎస్2' అని వేలెడంత అక్షరాలు ఉన్నాయి. కార్డు మీద సిగ్నల్‌ను విప్పే డీమాడ్యులేటర్ చిప్‌పై అంటించిన మీ స్టిక్కర్‌ను పీకి నంబరు చదివాను. ఆ చిప్ తయారుచేసినవాళ్ల డేటాషీట్‌లో ఉన్నది డీవీబీ-ఎస్ ఒక్కటే. ఎస్2 ప్రమాణం వచ్చింది 2005లో. దాన్ని చదవలేని చిప్ మీద ఆ పేరు అంటించి అమ్మడాన్ని పొరపాటు అనలేను. పుస్తకం మారిపోవడం పొరపాటు. స్టిక్కర్ ఎవరో కూర్చుని అంటించాలి.

పెట్టె వెనక ఇంకో మాట ఉంది: 'అన్ని డీటీహెచ్ చానళ్లూ మీ కంప్యూటర్లో'. డబ్బు కట్టి చూసే డీటీహెచ్ చానళ్లు తాళం వేసి వస్తాయి. ఆ తాళం తీసేది ఆయా కంపెనీల బాక్సూ, అందులోని కార్డూ మాత్రమే. మీ కార్డుకు స్మార్ట్ కార్డు పెట్టే చోటు కూడా లేదు. వచ్చేవి ఉచిత చానళ్లే. నాకు కావలసిందీ అవే గనక నాకు నష్టం లేదు, కానీ క్రికెట్ కోసం కొన్నవాడి సంగతి ఆలోచించండి.

నేను కోరేది ఇది. కార్డును మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని 3,850 రూపాయలు వాపసు ఇవ్వాలి. మీ మాట మీద డిష్ కుర్రాడికి మూడుసార్లు ఇచ్చిన 1,200, కొత్త కేబుల్‌కు, కనెక్టర్లకు అయిన 540, గవర్నర్‌పేట తీగకు 60, మొత్తం 1,800 కూడా ఇవ్వాలి. లేదా నిజంగా ఎస్2 చదివే కార్డు, దాని పవర్ కేబుల్, సంతకం ఉన్న డ్రైవర్ పంపండి. అప్పుడు 1,800 ఒక్కటే ఇస్తే చాలు. నా ఎండకు, తిరుగుడుకు లెక్క కట్టడం లేదు. ఇంకా అమ్ముడుపోని పెట్టెల్లో ఆ కేబుల్ వేసి, పుస్తకంలో దాని గురించి ఒక్క వాక్యం రాయండి. మూడో అంతస్తు ఎక్కే కుర్రాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు.

మీ సొంత వెబ్‌సైట్‌లో అమ్మిన వస్తువు కాబట్టి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు మీకు వర్తిస్తాయి: ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. రిటైరైనవాణ్ణి, తీరిక ఉంది.

బిల్లు, మీ జవాబుల నకళ్లు, రెండు సాకెట్లలో మీటరు రీడింగుల ఫొటోలు, స్టిక్కర్ పీకిన చిప్ ఫొటో జతచేస్తున్నాను. స్టిక్కర్ కూడా దాచి ఉంచాను. కార్డు తీసుకెళ్లడానికి మనిషిని పంపేటప్పుడు సాయంత్రం అయిదు దాటాక పంపండి. మధ్యాహ్నం మా వీధిలో ఎండ ఎలా ఉంటుందో ఆ డిష్ కుర్రాణ్ణి అడిగితే చెబుతాడు.

ఇట్లు,
మీ కార్డు కొన్న వినియోగదారుడు