బెడ్లం మ్యాచ్ మళ్లీ పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో కాన్ఫరెన్సుల (కాలేజీ జట్లు కలిసి ఆడే కూటముల) మార్పిడి గురించి రాసేవాళ్లంతా టీవీ ఒప్పందాల కోట్ల డాలర్ల లెక్కలే చెబుతున్నారు, పోయిన మ్యాచ్‌ల సంగతి ఎవరికీ పట్టడం లేదు. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ జట్ల మధ్య జరిగే బెడ్లం మ్యాచ్ 1904లో గత్రీ ఊళ్లో మొదలైంది. ఆ రోజు గాలికి బంతి వెనక్కి కొట్టుకుపోయి వాగులో పడితే, ఆటగాళ్లు ఆ చలిలోనే నీళ్లలోకి దూకి దానికోసం కొట్టుకున్నారు. 1910 నుంచి ఒక్క ఏడాది కూడా తప్పలేదు, ప్రపంచ యుద్ధాలప్పుడు కూడా. అలాంటిది 2023 నవంబరులో స్టిల్‌వాటర్ ఊళ్లో ఓక్లహోమా స్టేట్ జట్టు 27-24తో గెలిచాక ఆగిపోయింది, ఎందుకంటే 2024లో ఓక్లహోమా ఎస్ఈసీ అనే వేరే కాన్ఫరెన్సుకి వెళ్లిపోయింది.

ఒకే ఇంట్లో అన్న ఓక్లహోమా ఎర్ర చొక్కా, చెల్లి స్టేట్ నారింజ చొక్కా వేసుకుని ఏడాదంతా దెప్పుకునే రాష్ట్రం ఇది. వాళ్లకి ఇప్పుడు ఏం మిగిలింది?

కాన్ఫరెన్సులు వేరైతే ఆడలేం అనే మాట నేను ఒప్పుకోను. వాషింగ్టన్ జట్టు బిగ్ టెన్ అనే వేరే కాన్ఫరెన్సుకి వెళ్లినా వాషింగ్టన్ స్టేట్‌తో యాపిల్ కప్ మ్యాచ్ ఆడుతూనే ఉంది, కాకపోతే నవంబరు చివర్నించి సెప్టెంబరుకి జరిపారు, అది కొంచెం బాధే. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం పోరు మాత్రం కాన్ఫరెన్సులు వేరవడంతో 2011లో ఆగి, ఇద్దరూ ఒకే కాన్ఫరెన్సులో చేరాక 2024లో గానీ మళ్లీ మొదలవలేదు. మధ్యలో ఒక తరం విద్యార్థులు అది చూడకుండానే చదువు ముగించుకుని వెళ్లిపోయారు. బెడ్లంకి ఆ గతి పట్టకముందే రెండు యూనివర్సిటీలూ కూర్చుని తేదీ ఖాయం చేయాలి, సెప్టెంబరులో అయినా సరే.

— ఒక పాఠకుడు, ఓక్లహోమా