సైలూరియన్ శిలాజాల అధ్యయనం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాదంతా భూమి చరిత్రలోని ఒక్క కాలాన్నే పట్టుకుని చదువుదామని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. పాలియోజోయిక్ మహాయుగంలోని ఆరు కాలాల్లోనూ అతి చిన్నదైన సైలూరియన్‌ను ఎంచుకున్నాం. అది సుమారు 44.3 కోట్ల ఏళ్ల కిందట మొదలై, దాదాపు 2.4 కోట్ల ఏళ్లు సాగింది. దానికి ముందరి కాలమైన ఆర్డోవీషియన్ చివర్లో, గోండ్వానా అనే దక్షిణాది మహాఖండం మీద మంచు పేరుకుపోయింది. సముద్రమట్టం పడిపోయింది. సముద్ర జీవజాతుల్లో దాదాపు 85 శాతం అంతరించాయి. మిగిలినవాటితో సముద్రం మళ్లీ ఎలా నిండింది, నేల మీదికి మొక్కలూ కాళ్లున్న పురుగులూ ఎలా చేరాయి అన్నవే మేం ముందు రాసిపెట్టుకున్న ప్రశ్నలు. చదివేకొద్దీ మాత్రం వాటికంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటి ఎదురైంది. ఫలానా రాయి ఫలానా కాలానిదని ఎలా చెప్పగలుగుతున్నారు? ఏడాది పనంతా దాని చుట్టూనే తిరిగింది.

నెలవారీ సమావేశాల్లో సభ్యులు ఎక్కువగా మాట్లాడుకున్నది భూశాస్త్రవేత్త చార్లెస్ లాప్‌వర్త్ గురించి. సైలూరియన్ అన్న పేరు 1835లో రోడెరిక్ మర్చిసన్ అనే భూశాస్త్రవేత్త పెట్టినది. దాని కింది పొరలకు కేంబ్రియన్ అని పేరు పెట్టిన ఆడమ్ సెడ్జ్‌విక్‌కూ మర్చిసన్‌కూ, ఆ కేంబ్రియన్‌కు పై హద్దు ఎక్కడన్న విషయంలో పెద్ద తగాదా నడిచింది. ఒకే పొరల్ని ఇద్దరూ మావంటే మావన్నారు. ఇద్దరూ పోయాక, 1879లో, ఆ వివాదపు పొరల్ని ఆర్డోవీషియన్ పేరుతో విడిగా నిలబెట్టింది లాప్‌వర్త్. ఆయన అప్పటికి స్కాట్లండ్‌లో స్కూలు టీచరు. ఉద్యోగం చేసుకుంటూనే మోఫట్ ప్రాంతంలోని నల్లటి షేల్ రాళ్లలో ఒక్కో పొరనూ విడివిడిగా వెతికి, ఏ గ్రాప్టోలైట్ (గుంపుగా బతికిన చిన్న సముద్రజీవుల శిలాజం) ఏ పొరలో దొరికిందో రాసి పెట్టుకున్నారు. ఎంతో మందమైన పొరల వరుస అనుకున్నది నిజానికి మడతలు పడి, విరిగి, పదే పదే పైకి తేలిన పలచటి వరుసేనని ఆ రాతల వల్లే తేలింది. నేడు సైలూరియన్ ఆరంభాన్ని ప్రపంచమంతా లెక్కగట్టే చోటు అక్కడి డాబ్స్ లిన్ అనే వాగు లోయే. మనలాంటి సంఘాలకు ఇంతకంటే ధైర్యమిచ్చే చరిత్ర ఉండదని నా నమ్మకం.

గ్రాప్టోలైట్‌ను సభ్యులందరూ చేతిలోకి తీసుకుని చూడాలని ఒక సమావేశాన్ని కేవలం దానికే కేటాయించాం. ఎదురుగా చూస్తే నల్లటి రాయి, ఇంకేమీ కనిపించదు. వెలుతురుకు కాస్త ఏటవాలుగా తిప్పి, భూతద్దం పెట్టి చూస్తే సన్నటి వెండి గీత మెరుస్తుంది. దాని అంచు పొడవునా రంపపు పళ్లు. ఒక్కో పన్నూ ఒక్కో చిన్న జీవి నివసించిన గొట్టం. అవన్నీ కలిసి సముద్రంలో తేలుతూ బతికేవి కాబట్టి దూరదూరాలకు చేరాయి. వాటి రకాలు త్వరత్వరగా మారిపోయాయి. అందుకే పొరల వయసు తేల్చడానికి వాటిని మించిన సాధనం ఆ కాలానికి దొరకదు. రెండు వైపులా పళ్లున్నవి ముందునుంచీ ఉన్నాయి, ఒకవైపే పళ్లున్నవి సైలూరియన్‌లో విరివిగా పెరిగాయి. ఈ ఒక్క తేడా పట్టుబడగానే కొత్త సభ్యులు కూడా రాళ్లను వేరుచేయడం మొదలుపెట్టారు.

సంఘం దగ్గరున్న నమూనాలకు చీటీలు రాసే పని సాగుతోంది. పాత నమూనాల్లో కొన్నిటికి చీటీయే లేదు. అందమైన ట్రైలోబైటే (గట్టి పెంకున్న పాత సముద్రజీవి), కళ్లూ గట్లూ చెక్కుచెదరలేదు. కానీ ఏ ఊరిదో, ఏ పొరదో తెలియదు. అలాంటివి చూపించడానికి బాగుంటాయి గానీ, వాటి నుంచి తెలుసుకోగలిగేది చాలా తక్కువ. ఇకమీదట దొరికిన చోటు, పొర, తేదీ, సేకరించినవారి వివరం లేకుండా ఏ నమూనానూ తీసుకోకూడదని కార్యవర్గం నిర్ణయించింది. కొందరికి ఇది కఠినంగా అనిపించింది. న్యూమోడెస్మస్ చర్చ విన్నాక వాళ్లూ ఒప్పుకున్నారు.

న్యూమోడెస్మస్ అనేది స్కాట్లండ్‌లోని స్టోన్‌హేవెన్ దగ్గర దొరికిన ఓ రోకలిబండ పురుగు (మిల్లిపీడ్) ముక్క, సుమారు సెంటీమీటరు ఉంటుంది. కనిపెట్టింది మైక్ న్యూమన్ అనే బస్సు డ్రైవరు. దాని ఒంటి మీద గాలి పీల్చే రంధ్రాలు స్పష్టంగా ఉన్నాయి. 2004లో దానికి పేరు పెట్టినప్పుడు వయసు 42.8 కోట్ల ఏళ్లన్నారు. 2017లో రాతిలోని జిర్కాన్ స్ఫటికాల వయసు లెక్క వేసి 41.4 కోట్లే, అంటే తర్వాతి కాలమైన డెవోనియన్‌దే అన్నారు. మళ్లీ 2023లో ఆ పొరల్లోని బీజాణువుల్ని పరిశీలించి, కాదు, సైలూరియన్‌దేనని మరో బృందం వాదించింది. ఆ ముక్క ఏ పొరలోదో తెలుసు కాబట్టే ఇరవై ఏళ్లపాటు ఈ వాదన నడవగలిగింది.

ఇంగ్లండ్‌లోని హెర్ఫర్డ్‌షైర్ శిలాజాల మీద జరిగిన ప్రసంగం సభ్యుల్లో కొంత బాధనూ కలిగించింది. అగ్నిపర్వతపు బూడిదలో కూరుకుపోయిన చిన్న సముద్రజీవులు, మెత్తటి అవయవాలతో సహా, అక్కడి రాతి గుండ్లలో నిలిచిపోయాయి. వాటిని విడదీయడం కుదరదు. మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల చొప్పున అరగదీస్తూ, ప్రతి మెట్టులోనూ ఫోటో తీసి, కంప్యూటర్‌లో మళ్లీ జీవి ఆకారం కడతారు. ఆకారం పూర్తయ్యేసరికి అసలు శిలాజం ఉండదు. ఇది న్యాయమేనా అని చర్చ వేడిగానే సాగింది. 2003లో ప్రకటించిన కొలింబోసాథాన్ లాంటి చిన్న గుల్లజీవి లోపలి అవయవాలు తెలియాలంటే వేరే దారి లేదన్నది నా అభిప్రాయం.

చైనాలోని చోంగ్‌చింగ్ చేపల మీద 2022లో వెలువడిన పరిశోధనల్ని కూడా చదివాం. 43.6 కోట్ల ఏళ్ల నాటి దవడలున్న చేపలు, మూడు సెంటీమీటర్ల శియుషానోస్టియస్‌తో సహా, పూర్తి శరీరాలతో దొరకడం నిజంగా గొప్ప విషయం. తొలి నేల మొక్కల్లో ఒకటైన కుక్సోనియా మీద అనుకున్న సమావేశం జరగలేదు. దాన్ని వచ్చే ఏడాదికి మార్చాం.

ఆదాయ వ్యయాల పట్టిక విడిగా జత చేశాం, ఆడిట్ పూర్తయింది. వచ్చే ఏడాది డెవోనియన్‌లోకి వెళ్తున్నాం. చెక్ దేశంలోని క్లోంక్ దగ్గర 1972లో ఖరారైన హద్దుతో మొదలుపెడతాం. అంతర్జాతీయ ఒప్పందంతో మేకు కొట్టిన మొట్టమొదటి కాల సరిహద్దు అదే. చీటీల పనికి ఇంకా చేతులు కావాలి. సమయమున్న సభ్యులు కార్యదర్శికి పేరు ఇవ్వగలరు.