ఆ ఆడిటరమ్మకూ, చందాలు వేసిన మీ అందరికీ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి నిన్న రాత్రి చెన్నై మీనంబాక్కంలో విమానం ఎక్కింది. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి పిల్ల. అమెరికాలో ఒక యూనివర్సిటీ వాళ్లు హైస్కూలు పిల్లలకు వేసవిలో నడిపే జర్నలిజం కోర్సుకు వెళ్తోంది. నాకింకా కన్ను మూతపడలేదు. ఈ నాలుగు మాటలూ రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

ఫీజులో సగం కోర్సు వాళ్లే తగ్గించారు. మిగతా సగం, టికెట్టు, వీసా ఖర్చులు మా వల్ల అయ్యేవి కావు. చాకలిపేటలో నేను బట్టలు కుడతాను, మా ఆయన ఒక షాపులో లెక్కలు రాస్తారు. వంద రూపాయలు పంపినవాళ్లూ, పెద్ద మొత్తం వేసి పేరు చెప్పొద్దన్నవాళ్లూ, మీరంతా కలిసి పంపించారు దాన్ని. మా ఆయన, అత్తయ్య, తమ్ముడు ఎంత చేశారో ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకావిడ గురించి మాత్రం రాయాలి. ఫీజు తగ్గించాలంటే మా ఆదాయానికి రుజువు కావాలన్నారు. మేమెప్పుడూ ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసినవాళ్లం కాదు. ఆదాయ సర్టిఫికెట్టు కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయి, ఎవరో చెబితే తంబుచెట్టి వీధిలో ఒక ఆడిటర్ ఆఫీసు మెట్లెక్కాం. ఆంధ్రపత్రిక ఆఫీసు ఒకప్పుడు ఆ వీధిలోనే ఉండేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో దాన్ని దినపత్రిక చేసింది మన మద్రాసులోనే అని మా అమ్మాయి దారంతా చెబుతూనే ఉంది.

ఆడిటరమ్మ తమిళావిడ. ఎంత తీసుకుంటారో అడిగి వచ్చేద్దామని వెళ్లాం. ఆవిడ కాగితాలు పక్కన పెట్టి, అప్లికేషన్‌కి అమ్మాయి రాసిన కథనం తీసుకుని మొత్తం చదివింది. మా వీధి నీళ్ల లారీల గురించి రాసింది అది. "డ్రైవర్‌తో నువ్వే మాట్లాడావా? తెల్లవారుజామున వెళ్లావా?" అని అడిగింది. అంతవరకూ మమ్మల్ని అందరూ అడిగింది ఒక్కటే, ఆడపిల్లకు ఇదెందుకు, ఆ డబ్బుతో నీట్ కోచింగ్ ఇప్పించకూడదా అని. ఆవిడ ఒక్కతే పిల్లను విలేకరిని అడిగినట్టు అడిగింది. తర్వాత కూర్చుని మా సంపాదనంతా లెక్కగట్టి, డాలర్లలోకి మార్చి, ఇంగ్లీషులో ఉత్తరం రాసి సంతకం పెట్టింది. ఫీజు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేసింది.

అంతటితో అయిపోలేదు. వీసాకు 185 డాలర్లు, వీసా రాకపోయినా అవి తిరిగి రావు. సెవిస్ అని, బయటిదేశం విద్యార్థుల వివరాలు అమెరికా ప్రభుత్వం నమోదు చేసుకునే ఫీజట, ఇంకో 350 డాలర్లు, అది కట్టందే వీసా ఇంటర్వ్యూకి వెళ్లలేం. మా డెబిట్ కార్డుతో అది ఎంతకీ పడలేదు. ఆ టెన్షన్‌లో ఎవర్ని అడగాలో తెలియక ఆవిడకే ఫోన్ చేశాను. "నంబర్లు పంపమ్మా" అని తన క్రెడిట్ కార్డుతో కట్టేసింది. మేమెవరమని? ఇల్లు కూడా చూడలేదే! డబ్బు పట్టుకెళ్తే, "ఇప్పుడు ఖర్చులుంటాయి, అమ్మాయి తిరిగొచ్చాక చూద్దాం" అంది. మెట్లు దిగుతూ అక్కడే కూలబడి ఏడ్చేశాను.

ఒక్క మాట కోపంతోనే రాస్తున్నా. బ్యాంకులో అడిగితే విద్యారుణం డిగ్రీకో డిప్లొమాకో తప్ప ఇలాంటి కోర్సుకు రాదన్నారు. మేం వెతికిన స్కాలర్‌షిప్పులూ అంతే. తరమణిలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది, అది డిగ్రీ అయినవాళ్లకు. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ 2002 నుంచి పేదింటి హైస్కూలు పిల్లలకు పైసా తీసుకోకుండా, దారిఖర్చులు కూడా పెట్టుకుని జర్నలిజం నేర్పిస్తోంది. అది అమెరికా స్కూళ్లలో చదివే పిల్లలకే. మన పిల్లలకు ఇక్కడ అలాంటిది ఒకటి పెట్టడానికి ప్రభుత్వానికి ఏం అడ్డం? పదహారేళ్ల పిల్ల ప్రశ్నలు అడగడం నేర్చుకుంటానంటే ఊరంతా చందాలెత్తాలా?

అయ్యో, సిఫారసు ఉత్తరం రాసిన ఇంగ్లీష్ టీచర్‌గారిని మరిచిపోయాను. టీచర్, మీకు వేల దండాలు. షట్టర్ దించేశాక మళ్లీ తెరిచి ప్రింట్లు తీసిచ్చిన జిరాక్స్ షాపు తమ్ముడికి, సూట్‌కేసు ఇచ్చిన మేడమీద అక్కకు కూడా.

నిన్న సాయంత్రం ఎవరో ఐదువందలు వేశారు, పేరు కనిపించలేదు. ఎవరో ఒక్క మెసేజ్ పెట్టండి, అమ్మాయి అక్కడ రాసే మొదటి కథనం మీకూ పంపిస్తాం.